బావినీటికి ఎముక సాక్ష్యము

నల్లమల కొండలకు తూర్పున, మార్కాపురము, కంభము, గిద్దలూరు మొదలుకొని పొదిలి, కనిగిరి, దర్శి వరకు పరచుకొనియున్న మెట్టసీమను నేడు మనము పశ్చిమ ప్రకాశమని ఒక్క పేరుతో పిలుచుచున్నాము గాని, 1970వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఒంగోలు జిల్లా ఏర్పడి, పిమ్మట రెండేండ్లకు ప్రకాశం పంతులుగారి పేరు దాల్చువరకు ఈ నేల రెండు జిల్లాల నడుమ చీలియుండెను. మార్కాపురము, గిద్దలూరు కర్నూలువారివి. పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరువారివి. ఎముకల వ్యాధులను గూర్చిన వైద్యగ్రంథములలో ‘మదరాసు రాజధానియందలి నెల్లూరు జిల్లా’ అను మాట కనబడినప్పుడు, కోస్తాలోని వరిచేలను గాక, ఆ జిల్లా పడమటి అంచున రాళ్ళును, రేగడియును, లోతుబావులును గల తాలూకాలను మనము తలచుకొనవలెను. త్రాగునీటిలోని ఫ్లోరైడు మనుష్యుని అస్థిపంజరమును ఏమి చేయునో వివరించిన తొలి వైద్యపరిశోధనలలో అతిముఖ్యమైనది 1937లో ఈ సీమ రోగులను ఆధారముగా గొని వెలువడినది.

వ్యాధిని మొదట పసిగట్టినవారు వైద్యులు కారు, రైతులు. క్రొత్తగా తెచ్చిన కాడియెద్దులు కొన్నేండ్లకే కీళ్ళు బిగిసి, అడుగు తీసి అడుగు వేయలేకపోవుటను 1930 ప్రాంతముననే వారు గమనించిరని ఈ వ్యాధి చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. మదరాసు రాజధానిలో మనుష్యుల దంతములపై మచ్చలు పడు వ్యాధిని విశ్వనాథన్ అను పరిశోధకుడును, పూర్వపు హైదరాబాదు రాజ్యమున పశువులకు కలుగుచున్న ఇటువంటి వ్యాధిని మహాజన్ అను పరిశోధకుడును ఆ దశకపు మధ్యభాగముననే పేర్కొనియుండిరి. ఐనను పండ్లమీది మచ్చకును, వంగని వెన్నుకును, పశువు కుంటుటకును మూలమొక్కటే యని నిశ్చయించుటకు ఒక్క వైద్యుని చూపు చాలదు. గిండీయందలి కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు అధిపతిగా నుండిన హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్, మదరాసు జనరల్ ఆస్పత్రి వైద్యుడైన మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే శాస్త్రమున నిపుణుడైన కెప్టెన్ బర్నార్డ్, వారితోబాటు డాక్టర్ మన్నాడి నాయర్, ఈ నలువురు కలసి 1937లో ‘మదరాసు రాజధానియందలి స్థానిక ఫ్లోరోసిస్’ అను వ్యాసమును ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ప్రకటించిరి. అదే యేట షార్ట్, పండిట్, రాఘవాచారి అను మువ్వురు నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్‌ను గూర్చి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వేరొక వ్యాసము వెలువరించిరి. ఈ పేర్లలో రెండింటి వద్ద ఒక క్షణము నిలువవలెను. షార్ట్ తరువాతి కాలమున ఇంగ్లండులో గార్న్‌హామ్‌తో కలసి మలేరియా క్రిమి రక్తమున ప్రవేశించుటకు ముందు కాలేయమున దాగియుండునని 1948లో నిరూపించి ప్రసిద్ధుడయ్యెను. చింతామన్ గోవింద్ పండిట్ స్వతంత్ర భారతమున వైద్యపరిశోధనా మండలికి తొలి డైరెక్టరయ్యెను. వీరిద్దరి కీర్తిచరిత్రలలోను పొదిలి, కనిగిరి ప్రాంతపు బావులకు దక్కిన స్థలము స్వల్పమే.

విద్య, చికిత్స, పరిశోధన అను మూడును ఒక్క ఆవరణమున కలసియుండవలెనను భావన నేడు ప్రతి పెద్ద వైద్యవిజ్ఞాన సంస్థకును మూలసూత్రము. ఆనాటి మదరాసులో ఆ మూడును ఒక్క గోడలోపల లేకపోయినను ఒక్క ఊరిలో నుండెను. జనరల్ ఆస్పత్రిలో మంచమున్నది. దానిని ఆనుకొని వైద్యకళాశాల యున్నది. 1934లో ప్రారంభమై పిదప బర్నార్డ్ పేరనే పిలువబడిన ఎక్స్‌రే సంస్థ యున్నది. నీటిని విశ్లేషించు రాఘవాచారి ప్రయోగశాల కొంతదూరములో గిండీయందున్నది. నడుము వంగని రైతు ఈ నాలుగు గడపలును తొక్కిన పిమ్మటగాని అతని ఊరిబావి దోషియని తేలలేదు. రోగిని చూచిన వైద్యునికి నీరు కనబడదు, నీటిని కొలిచిన రసాయనజ్ఞునికి రోగి కనబడడు, ఛాయాచిత్రము తీసినవానికి ఆ యిద్దరి మాటయు లేనిదే తాను చూచుచున్న తెలుపునకు అర్థము తెలియదు. వైద్యపరిశోధన సంస్థ యొక్క ప్రయోజనము ఇంతకంటె సులభముగా చెప్పుటకు నాకు చేతకాదు.

వ్యాధి నడక మిక్కిలి నెమ్మది. మొదటి ఆనవాలు పండ్లమీద కనబడును. జనులు గారపండ్లని చెప్పుకొను ఆ సుద్దతెలుపు, పసుపు, గోధుమరంగు చారలు తోమినను పోవు, ఏలయన అవి పైన అంటిన మురికి గాక, చిగురులోపల దంతపు పింగాణి ఏర్పడుచున్న శైశవముననే దానిలో నిలిచిన లోపము. ఎనిమిదేండ్లు దాటి ముందుపండ్ల పింగాణి పూర్తియైన తరువాత అదే నీరు త్రాగినవానికి ఆ పండ్లపై గార పట్టదు. కావుననే గారపండ్లు మనుష్యుడు బాల్యమున ఏ నీరు త్రాగెనో తెలుపును. నేడు ఏ నీరు త్రాగుచున్నాడో తెలుపవు. ఎముకల సంగతి వేరు. అవి బ్రదికినంతకాలము లెక్క కూడుచునే యుండును. ఇరువదియేండ్లో ముప్పదియేండ్లో గడచిన పిదప చేతులు, కాళ్ళు తిమ్మిరులెక్కును, నడుము పట్టును, తరువాత మెడ పట్టును, ప్రక్కనుండి పిలిచినవానిని చూచుటకు మొత్తము దేహమును త్రిప్పవలసివచ్చును, ప్రక్కటెముకల కీళ్ళు బిగిసి ఊపిరి పొట్టతోనే తీయవలసివచ్చును. కడపట కొందరిలో వెన్నెముక గొట్టము ఇరుకై వెన్నుపామును నొక్కగా, కాళ్ళు చచ్చుపడును. ప్రజ్ఞకు మాత్రము లోపముండదు. అన్నియు తెలియుచుండగనే అంగములొక్కొక్కటియు బిగిసిపోవును. ఈ వ్యాధిలోని అతికఠినమైన భాగమిదియేనని నా అభిప్రాయము.

ఎక్స్‌రే చిత్రమున బర్నార్డ్ చూచినది అంతకుముందు ఈ దేశపు వైద్యులకు పరిచితము కాని దృశ్యము. సామాన్యముగా వ్యాధిగ్రస్తమైన ఎముక పలుచబడి, చిత్రమున నల్లబారును. ఇక్కడ వెన్నుపూసలు సుద్దముద్దలవలె తెల్లబడి, వాని లోపలి అల్లిక కనబడక, అంచులు గరుకై యుండెను. కీళ్ళను కట్టియుంచు నారలలో సున్నము చేరి అవి ఎముకలుగా మారెను. ముంజేతియందలి రెండెముకల నడిమి పొర గట్టిపడి ముండ్లు ముండ్లుగా కనబడుట నేటికిని ఫ్లోరోసిస్ నిర్ణయమున వైద్యులు వెదకు గుర్తు.

1937వ సంవత్సరమే కోపెన్‌హాగెన్ నగరమున కాయ్ రోహోల్మ్ అను డేనిష్ వైద్యుడు ‘ఫ్లోరిన్ విషప్రభావము’ అను మహాగ్రంథమును ప్రకటించెను. గ్రీన్‌లాండునుండి తెచ్చిన క్రయొలైట్ అను ఖనిజమును పొడిచేయు కర్మాగారమున పనివారు ఆ ధూళిని ఏండ్లతరబడి మ్రింగుచుండిరి. ధూళివలన ఊపిరితిత్తులు చెడినవేమో చూతమని 1932లో మోలర్, గుడ్‌యాన్సన్ అను నిరువురు వైద్యులు ఎక్స్‌రే తీయగా ఊపిరితిత్తులకంటె ముందు ప్రక్కటెముకల అతిశయమైన తెలుపు వారిని ఆశ్చర్యపరచెను. ఫ్లోరైడు ధూళి మ్రింగిన డేనిష్ కూలివాని వెన్నును, ఫ్లోరైడు నీరు త్రాగిన తెలుగు రైతు వెన్నును ఒక్కతీరుననే మారినవన్న సాదృశ్యము కారణనిర్ణయమునకు పెద్ద బలమిచ్చెను. మార్గములు రెండు, పదార్థమొకటి, ఫలితమొకటి.

కారణనిర్ణయమునకు మరియొక దారి నీరు మార్చిచూచుట. అమెరికాయందు ఫ్రెడరిక్ మెకే అను దంతవైద్యుడు 1901లో కొలరాడో స్ప్రింగ్స్ నగరమునకు వచ్చి, అచట పుట్టిపెరిగినవారి పండ్లమీది గోధుమరంగు మచ్చల మర్మమును వెదకుట ప్రారంభించి, ముప్పదియేండ్లు విడువలేదు. ఐడహో రాష్ట్రమున ఓక్లీ అను పల్లెయందు తల్లులు పిల్లల పండ్లను గూర్చి మొరపెట్టుకొనగా, నీటిగొట్టమును వేరొక ఊటకు మార్పించుడని అతడు సలహా చెప్పెను. మార్చిన కొన్నేండ్లకు క్రొత్తగా మొలచిన పండ్లు మచ్చలేక వచ్చెను. నీటిలో దోషమున్నదని తెలిసినను అదేమో తెలియలేదు. 1931లో అల్యూమినియం కంపెనీ రసాయనజ్ఞుడు చర్చిల్, ఆర్కన్సా రాష్ట్రపు బాక్సైట్ అను ఊరి నీటిలో లీటరుకు 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్నదని కనిపెట్టి ఆ ముడి విప్పెను. మనదేశమున నీరు మార్చిచూచు సౌకర్యము ఆనాడు లేదు. మార్చుటకు వేరొక నీరున్నదా? కావున పండిట్, రాఘవాచారి, వారి సహచరులు వేరొక విధమున సాగిరి. 1940లో వారు ప్రకటించిన వ్యాసములలో ఒకటి పిల్లల పండ్లను, పెద్దల ఎముకలను, ఊళ్ళ నీటిని ఒకదానితో నొకటి సరిపోల్చెను. మరొకటి కోతులకు ఫ్లోరైడు నిచ్చి ప్రయోగశాలలోనే వ్యాధిని కలిగించి చూపెను. సమానమైన నీరు త్రాగినను పేదయింటివాడు ముందు వంగిపోవుచున్నాడనియు, ఆహారలోపము, విశేషించి విటమిన్ సి లోపము, దీనికి తోడగుచున్నదేమో యనియు వారు ఆనాడే అనుమానించిరి. ఆ అనుమానము తరువాతి కథకంతకు బీజము.

ఈ ఫ్లోరైడు నీటిలోనికి ఎచటినుండి వచ్చెనని అడుగువారికి భూమియే ఉత్తరము. కర్మాగారములతో పనిలేదు. పశ్చిమ ప్రకాశపు పడమటి అంచున, గిద్దలూరు, కంభము, మార్కాపురముల క్రింద, కడప బేసినుకు చెందిన పురాతనమైన పలకరాళ్ళ పొరలున్నవి. మార్కాపురపు పలకలు తరతరముల తెలుగు బాలుర చేతులలో నిలుచుటకు కారణము ఆ రాయియే. తూర్పునకు పోయినకొలది గ్రానైటు, నైసు శిలలు వచ్చును. కనిగిరి గ్రానైటులో ఫ్లోరైటు ఖనిజము ప్రత్యేకముగా నున్నదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఫ్లోరైటే గాక, అపటైటు, నల్ల అభ్రకము మున్నగు ఖనిజములును తమలో ఫ్లోరైడును దాచుకొనియుండును. రాతిలో నున్నంత మాత్రమున అది నీటిలోనికి దిగదు. ఫ్లోరైటు అనగా కాల్షియమును ఫ్లోరైడును కలసిన లవణము. నీటిలో కాల్షియము విస్తారముగా నున్నచో ఆ లవణము కరగదు. కాని వానలు తక్కువై, నీరు రాతిపగుళ్ళలో చిరకాలము నిలిచి, సోడియము బైకార్బొనేటులతో క్షారగుణము వహించినప్పుడు కాల్షియము సున్నపుగుల్లలై అడుగంటును. అంతట ఫ్లోరైడునకు అడ్డు తొలగును. లోతుబోరు వేసినకొలది మంచినీరు దొరకునను ఆశ ఇట్టిచోట్ల తఱచుగా తలక్రిందులగును. అడుగున చిరకాలముగ నిలిచిన నీరు పైబావి నీటికంటె ఫ్లోరైడు ఎక్కువ కలిగియుండుట సామాన్యము. ఆ నీటికి రంగు లేదు, వాసన లేదు, చెడ్డరుచియు లేదు.

దేహములోనికి వచ్చిన ఫ్లోరైడులో కొంత మూత్రమున వెడలిపోవును; పెద్దవారిలో సుమారు సగము, పెరుగుచున్న పిల్లలలో అంతకంటె చాల తక్కువ. మిగిలినదానిలో నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు ఎముకలను, దంతములను చేరును. ఎముకకు గట్టిదనమిచ్చు హైడ్రాక్సీ అపటైటు అను స్ఫటికమున కాల్షియము, ఫాస్ఫేటులతో బాటు హైడ్రాక్సిల్ అయాను ఒకటి యుండును. ఫ్లోరైడు అయాను పరిమాణమున దానికి దాదాపు సమానము. కావున దాని స్థానమున సులభముగా కూర్చుండి, ఇంకను స్థిరమైన స్ఫటికము నేర్పరచును. అదిగాక ఎముకను కట్టు కణములను ఫ్లోరైడు ప్రేరేపించును. ఫలితముగా ఎముక పెరుగును, చిక్కబడును, కాకూడనిచోటకూడ మొలచును. భారతీయ ప్రమాణముల సంస్థ త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రామును అంగీకార్యమనియు, వేరునీరు లేనిచోట 1.5 వరకు అనుమతింపవచ్చుననియు నిర్ణయించినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ గీచిన గీత కూడ 1.5 యే. ఐతే లెక్క లీటరుతో తీరదు. మే నెల యెండలో చేలో పనిచేయువాడు త్రాగు నీరును, చల్లని దేశమున కుర్చీలో కూర్చున్నవాడు త్రాగు నీరును ఒకటి కావు.

స్వాతంత్ర్యానంతరము ఈ పరిశోధన మదరాసునుండి హైదరాబాదు చేరెను. ఉస్మానియా ఆస్పత్రినుండి సిద్దీఖీ నల్లగొండ రోగులను గూర్చి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను. నరములశస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి నొక్కుడుపడిన వెన్నుపాము సంగతిని దశాబ్దములతరబడి పరిశీలించెను. కూనూరులో బెరిబెరి విచారణ పేర 1918లో పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఈ కథలో రెండు చిత్రమైన అధ్యాయములు వ్రాసినది.

మొదటిది కాళ్ళ కథ. షార్ట్ చూచిన రోగులు నడివయసువారు, ఎముకలు బలిసినవారు. 1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో వర్ణించిన రోగులు కౌమారవయస్కులు. వారి మోకాళ్ళు ఒకదానికొకటి ఒరసుకొని, పాదములు ఎడముగా జరిగి, కాళ్ళు వంకరలు తిరిగియుండెను. ఎక్స్‌రే తీయగా వెన్ను తెల్లబడియుండగా కాళ్ళ యెముకలు పలుచబడియుండెను. ఒకే ఫ్లోరైడు ఒకచోట ఎముకను పెంచి వేరొకచోట కరగించుట యెట్లు? నాగార్జునసాగరపు నీరు ఊరి, భూగర్భజలమట్టము పెరిగి, నేల క్షారమెక్కి, ఆ నేల జొన్న మాలిబ్డినమును ఎక్కువగా గ్రహించుచున్నదనియు, మాలిబ్డినము దేహమునుండి రాగిని వెడలగొట్టుచున్నదనియు వారును, వారి సహచరులును ప్రతిపాదించిరి; మాలిబ్డినము హెచ్చుగానున్న జొన్న తిన్నవారి మూత్రమున రాగి ఎక్కువగా పోవుచున్నదని దేవస్థలే, గోపాలన్ 1974లో చూపిరి. ఈ ప్రతిపాదనను అంతిమసత్యమని నేననను. కాల్షియపు లోపమే ప్రధానమని వాదించిన మీరట్ పరిశోధకులును ఉన్నారు. ఐనను ఆనకట్టకును, జొన్నకంకికిని, పదునేండ్ల బాలుని మోకాలికిని సంబంధము వెదకిన ఆ సాహసము తెలుగుదేశపు వైద్యపరిశోధనలో గొప్పదని యెంచుచున్నాను.

రెండవది చింతపండు కథ. చింతపండుపులుసు తిన్నవారికి ఫ్లోరైడు తక్కువగా నిలుచునా అను ప్రశ్నను ఖాందారే, రావు, లక్ష్మయ్య పరీక్షించి, ఫలితమును 2002లో ప్రకటించిరి. వసతిగృహమందలి బాలురకు భోజనముతో దినమునకు 10 గ్రాముల చింతపండును 18 దినములు పెట్టి, మూత్రమున వెడలు ఫ్లోరైడును కొలువగా, అది స్పష్టముగా పెరిగెను. ఇట్టి పరిశోధనను చదువువాడు తొందరపడి రెండు తప్పులు చేయును. మేలు కలదని మార్కెట్టుకు పరుగెత్తుట ఒకటి. పదునెనిమిది దినములేమి పరిశోధన యని త్రోసివేయుట రెండవది. మూత్రమున ఫ్లోరైడు పెరిగెనన్నది సత్యము. ఎముక బాగుపడెనన్నది ఆ పరిశోధన చెప్పని మాట. ఈ రెంటి నడుమ గల దూరమెంతయో గ్రహించుటకు అమెరికాలో జరిగిన మరియొక పరీక్షను చెప్పవలసియున్నది.

ఫ్లోరైడు ఎముకను చిక్కపరచునన్న సంగతి తెలిసిన పాశ్చాత్యవైద్యులకు 1960 దశకమున ఒక ఆశ మొలకెత్తెను. ముసలితనమున, విశేషించి స్త్రీలకు, ఎముకలు గుల్లబారి ఊరక విరుగుచుండును గదా. అట్టివారికి మితముగా ఫ్లోరైడు నిచ్చిన ఎముక బలపడదా? ఇరువదియేండ్లకు పైగా అనేకులు ఈ మందు నిచ్చిరి; ఎక్స్‌రేలు తెల్లబడెను; వైద్యులు సంతసించిరి. కడపట మిన్నెసోటా రాష్ట్రమునందలి మేయో క్లినిక్‌లో లారెన్స్ రిగ్స్, అతని సహచరులు దీనిని విధివిధానముగ పరీక్షించిరి. వెన్నుపూసలు ఇదివరకే విరిగిన 202 మంది స్త్రీలను రెండు జట్లుగా, ఎవరు ఏ జట్టన్నది చీట్లు తీసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయించి, ఒక జట్టుకు దినమునకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడును, రెండవదానికి చూపునకు అట్లేయుండు, మందులేని ఉత్తమాత్రను, రెండు జట్లకును కాల్షియమును నాలుగేండ్లు ఇచ్చిరి. ఎవరికేది పోవుచున్నదో రోగికిని తెలియదు, పరీక్షించు వైద్యునికిని తెలియదు. తెలిసినచో వైద్యుని ఆశ అతని కంటిని లోబరచుకొనును.

1990లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితము వెలువడెను. ఫ్లోరైడు తిన్నవారి నడుము వెన్నుపూసల సాంద్రత నూటికి 35 వంతులు పెరిగెను. అంతవరకు చదివి పత్రిక మూసినవాడు ఆ మందును వేనోళ్ళ పొగడును. కాని క్రొత్తగా విరిగిన వెన్నుపూసల సంఖ్య ఫ్లోరైడు జట్టులో 163, ఉత్తమాత్ర జట్టులో 136. ఈ తేడా లెక్కకు నిలువదు గాన, వెన్నునకు మేలేమియు కలుగలేదని తాత్పర్యము. వెన్నుగాక ఇతర యెముకలు విరిగినవి ఫ్లోరైడు జట్టులో 72, రెండవ జట్టులో 24. అనగా మూడింతలు. పైగా ఫ్లోరైడు తిన్నవారిలో కడుపుబాధ, కాళ్ళనొప్పులు అధికమయ్యెను. ఎముక చిక్కబడెను, బలము తగ్గెను. మార్కాపురపు పలకకు గట్టిదనములో కొదువ లేదు. క్రింద పడినప్పుడు పగులుటకు ఆ గట్టిదనము అడ్డురాదు. ఫ్లోరైడుతో కట్టిన యెముకయు అట్టిదే. దాని స్ఫటికము పెద్దదై, అల్లిక క్రమము తప్పి, బరువు మోయు నేర్పు కోల్పోవును.

75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడులో శుద్ధ ఫ్లోరైడు సుమారు 34 మిల్లీగ్రాములు. లీటరుకు 5 మిల్లీగ్రాములున్న బావినీటిని వేసవిలో దినమునకు ఐదు లీటర్లు త్రాగువాని దేహమునకు చేరునది 25. మేయో క్లినిక్ స్త్రీలు నాలుగేండ్లు పుచ్చుకొన్నదానికి అట్టి నీటిని త్రాగువాడు అంతగా వెనుకబడియుండడు; అతడు పుచ్చుకొనునది నలుబదియేండ్లు; అతనికి కాల్షియపు మాత్రలు లేవు, సమ్మతిపత్రము లేదు, రెండవ జట్టు లేదు. 1937 నాటి ఎక్స్‌రేలను జాగ్రత్తగా చదివి, ఆ ఎముకలు మోయు మనుష్యుని అవస్థను ప్రక్కన పెట్టి చూచియుండినచో, తెల్లని యెముక బలమైన యెముక కాదన్న సంగతి యాబదియేండ్లకు ముందే తోచియుండునేమో! ఎక్స్‌రే తెలుపు, ఎముక సాంద్రత, మూత్రములోని ఫ్లోరైడు, ఇవన్నియు రోగి బాగోగులకు ప్రతినిధులు మాత్రమే. ప్రతినిధి మాట యజమాని మాట యగునో కాదో పరీక్షించి తెలిసికొనవలసినదే. చింతపండు విషయమున నేను మందగించుటకు కారణమిదియే.

చికిత్స సంగతి త్వరగా చెప్పి ముగింపవచ్చును, ఏలయన చెప్పుటకు కొంచెమే యున్నది. ఎముకలో చేరిన ఫ్లోరైడును కడిగివేయు మందు లేదు. వెన్నుపాము నొక్కుడు పడినవారికి శస్త్రచికిత్స కొంత ఉపశమనమిచ్చును. అది ఏనుగుదంతమంత గట్టియైన యెముకను తొలచు పని. కాల్షియము, విటమిన్ సి, మంచి భోజనము వ్యాధి తీవ్రతను తగ్గింపగలవు. తక్కినదంతయు నీటిపని. నాగపూరునందలి జాతీయ పర్యావరణ పరిశోధనాసంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును మడ్డిగా దింపు పద్ధతిని 1970 దశకమున కనిపెట్టి, దానికి నల్లగొండ పేరే పెట్టిరి. అది చౌక, కాని పటిక పాలు నీటినిబట్టి దినదినము సరిచూడవలెను, దిగిన మడ్డిని ఎచ్చటనో పారవేయవలెను, ఈ రెండు పనులును ఓపికగా చేయువాడు లేనిచోట అది మూలబడును. నేడు ఊరూర ఆర్వో ప్లాంటు వెలసి, మినరల్ వాటరు క్యాను ఇంటింటి గడపకెక్కినది. అది ఫ్లోరైడును తీయును, దానితో కాల్షియమును కూడ తీయును. కూలియిల్లు త్రాగుటకు క్యాను కొన్నను, వంటకు బోరునీరే వాడుట కద్దు. పప్పు ఉడికినకొలది నీరు ఇగురును, ఫ్లోరైడు ఇగురదు.

ఇక కృష్ణనీరు. వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగెను. శ్రీశైల జలాశయమున కొల్లంవాగు వద్ద నీరు తీసి, నల్లమల క్రింద ఒక్కొక్కటి దాదాపు 18.8 కిలోమీటర్ల పొడవుగల రెండు సొరంగముల ద్వారా, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల కనుమలను మూసి కట్టిన జలాశయమున నింపి, ప్రకాశము, నెల్లూరు, కడప జిల్లాల మెట్టలకు సాగునీటితోబాటు సుమారు 15 లక్షలమందికి త్రాగునీరిచ్చుట దాని సంకల్పము. సొరంగముల త్రవ్వకము ముగియుటకే 2024 వచ్చినది. ఇంజినీర్లకు ఇది నీటిపథకము. వైద్యపరిశోధకుని కన్నులతో చూచిన ఇది ఓక్లీ పల్లె కథ మరల, వేలరెట్లు పెద్దదిగా, జరుగబోవుట. ఒక సీమయంతట ఒకే తరములో నీరు మారుట అరుదు. నీరు మారినపుడు ఏ అవయవమేమగునో, ఎంతలో నగునో తెలిసికొనుటకు అంతకు మించిన అవకాశము ప్రయోగశాలలో దొరకదు. కాని దానికి ముందరి లెక్క కావలెను. నీరు రాకమునుపే ఏ ఊరి బోరులో ఎంత ఫ్లోరైడున్నదో, ఏ బడిలో ఎందరి పండ్లు గారపట్టినవో, ఎవరి మూత్రమున ఎంత వెడలుచున్నదో, ఎవరు మెడ వంచి గడ్డమును రొమ్మునకు ఆనింపగలరో వ్రాసి ఉంచనిచో, తరువాత ఎంత పెద్ద శాస్త్రజ్ఞుడు వచ్చినను పోల్చుటకేమియు ఉండదు.

ఫ్లోరోసిస్ నివారణకై కేంద్రప్రభుత్వము 2008-09లో జాతీయ కార్యక్రమమును ప్రారంభించినపుడు జిల్లా ప్రయోగశాలలకు ఫ్లోరైడును కొలుచు అయాన్ మీటర్లను ఉద్దేశించినది. లాంథనం ఫ్లోరైడు స్ఫటికముతో పనిచేయు ఈ మీటరు 1966లో వచ్చినది. రాఘవాచారి కాలమున ఈ సులువు లేదు. ఒంగోలునందు వైద్యకళాశాల యున్నది. మార్కాపురము చెంత ప్రభుత్వ వైద్యకళాశాలకు 2021లో శంకుస్థాపన జరిగినది. అట్టి కళాశాల నడచునాడు దానిలోని ప్రజారోగ్యశాఖకు మొదటి యేటినుండియే చేయదగిన పని ఇదియని నేననుకొందును. గ్రామమునకు ఇన్ని గృహములని చీట్లు తీసి యెన్నుకొనుట, అందులో వెలిగొండ నీరు ముందు చేరు ఊళ్ళు, వెనుక చేరు ఊళ్ళు రెండును ఉండునట్లు చూచుట, పరీక్షకు వచ్చువారికి దేనికై వచ్చిరో తెలుగున చెప్పి సమ్మతి పొందుట, తమ ఊరి నీటి లెక్కను ఊరివారికే ముందు చెప్పుట. నీరు మారిన కొలదికాలమునకే మూత్రమున ఫ్లోరైడు తగ్గనారంభించును. ఎముకలోనిది మెల్లగ, ఏండ్లతరబడి, దిగుచుండును. పండ్ల ఉత్తరము అన్నిటికంటె ఆలస్యముగ వచ్చును: మంచినీరు చేరిన యేట పుట్టిన బిడ్డకు ముందుపండ్లు ఊడి పెద్దపండ్లు వచ్చుటకు ఆరేడేండ్లు, అన్ని పండ్లును వచ్చి సరిచూచుటకు పండ్రెండేండ్లు పట్టును, కావున అట్టి దస్త్రమును నేడు తెఱచు అధ్యాపకుడు, దానిని తన శిష్యునికి అప్పగించుటకు కూడ ఇప్పుడే ఏర్పాటు చేసికొనవలెను.